నిందితుని మౌనము

మౌనము అర్ధాంగీకారమని మనలో ఒక మాట ఉన్నది. పెండ్లిచూపులలో పిల్ల తల వంచుకొని కూర్చున్నప్పుడు పెద్దలు ఈ మాట చెప్పి సంతోషింతురు. ఆ పిల్ల మనసులో నిజముగా ఏమున్నదో అక్కడ సైతము ఎవరికిని తెలియదు. అదే మాటను న్యాయస్థానమునకు తీసికొనిపోయి, బోనులో నిలిచిన మనిషి పెదవి విప్పలేదు గనుక నేరము సగము ఒప్పుకొన్నట్లే అని మనము తలచినచో, ఫలితము ఒక్కొక్కప్పుడు ప్రాణహానియే కావచ్చును. నిందితుని మౌనమునకు అర్థమేమి? ఈ ప్రశ్నను మన సాహిత్యము చాలా పూర్వమే వేసికొన్నది. చట్టము ఆలస్యముగా వేసికొన్నది.

మహాభారతము ఆదిపర్వములో మాండవ్యుని కథ కలదు. ఆ ముని ఆశ్రమద్వారమున చెట్టు క్రింద చేతులెత్తి మౌనవ్రతముతో తపస్సు చేయుచుండగా, రాజభటులు తరుముకొని వచ్చుచున్న దొంగలు సొమ్ముతో సహా ఆ ఆశ్రమములో దాగినారు. దొంగలెటు పోయినారని భటులు అడిగినారు. ముని బదులు చెప్పలేదు. వెదకి చూడగా దొంగలును సొమ్మును అక్కడనే దొరికినవి. ఇక భటులకు సందేహము లేకపోయినది. రాజు శిక్ష విధించినాడు. దొంగలతోపాటు మునిని కూడ కొరత వేసినారు. ఆయన మరణించలేదు. నిజము తెలిసి రాజు వచ్చి కాళ్ళపై పడినాడు గాని, దిగిన శూలము పైకి రాలేదు. దానిని కోసివేయవలసి వచ్చినది. లోపలి ముక్క లోపలనే ఉండి ఆయనకు అణిమాండవ్యుడను పేరు వచ్చినది.

ఈ కథలో భటులు చేసిన తప్పు ఏమి? వారు అబద్ధమాడలేదు. సొమ్ము దొరికిన మాట నిజము, ముని పలుకని మాట నిజము. ఈ రెండు నిజములను కలిపి వారు ఒక అసత్యమును కట్టినారు. మౌనమునకు వ్రతము కూడ కారణము కావచ్చునని వారికి తోచలేదు. భటుల యెదుట పలుకని ఆ మనిషే తరువాత ధర్ముని సభకు పోయి, నాకీ శిక్ష ఏ పాపమునకని నిలదీసినాడు. బాల్యములో పురుగులను పుల్లతో గ్రుచ్చినందుకని ధర్ముడు చెప్పినాడు. అంత చిన్న తప్పునకు ఇంత పెద్ద శిక్షయా అని ముని ఆగ్రహించి ధర్ముని శపించినాడు. ఆ శాపము వలననే ధర్ముడు విదురుడై పుట్టినాడు. పదునాలుగేండ్లలోపు పిల్లలు చేసినది పాపము కాదని ముని ఒక మర్యాదను కూడ ఏర్పరచినాడు. నిర్దోషిని శిక్షించిన తప్పునకు దేవతలైనను జవాబు చెప్పుకొనవలసినదే అని ఈ కథ చెప్పుచున్నది.

రెండవది శూద్రకుని మృచ్ఛకటికము. వసంతసేన గొంతు నులిమినవాడు రాజుగారి బావమరిది శకారుడు. ఆమె మరణించినదని తలచి, వాడే న్యాయస్థానమునకు వచ్చి చారుదత్తునిపై నేరము మోపినాడు. చెప్పుచు చెప్పుచు, చంపినది నేను కాదు అని నోరు జారినాడు. కాయస్థుడు ఆ మాట వ్రాసికొనగా శకారుడు కాలితో చెరిపివేసినాడు. అడుగని ప్రశ్నకు జవాబు చెప్పినవాడు దోషి. ఆ మాట అందరి కన్నుల యెదుటనే చెరిగిపోయినది.

చారుదత్తుని స్థితి వేరు. వేశ్యతో స్నేహమున్నదని సభలో చెప్పుటకు ఆయనకు సిగ్గు. విదూషకుని చంకలోనుండి వసంతసేన నగలు జారిపడినప్పుడు అవి ఆమెవే అని ఒప్పుకొన్నాడు గాని, ఎట్లు వచ్చినవో నమ్మునట్లు చెప్పలేకపోయినాడు. నిజమేమనగా, మట్టిబండి వలదని ఏడ్చిన ఆయన కుమారునికి బంగారు బండి చేయించుకొమ్మని ఆమెయే ఆ నగలు ఇచ్చినది. తోటలో ఒక స్త్రీ కళేబరము కూడ కనబడినది. అది చెట్టు కూలి మరణించిన మరొక స్త్రీది. పేదవాడు చెప్పు నిజమును ఎవరు నమ్ముదురని చారుదత్తుడు ఊరకున్నాడు. ఆమె లేని బ్రదుకుపై ఆయనకు ఆశయు లేదు. ఇక్కడ మౌనమునకు మూలము సిగ్గు, పేదరికము, దుఃఖము. న్యాయాధికారి మంచివాడు. దేశబహిష్కారము చాలునని సూచించినాడు. పాలకరాజు మరణశిక్షయే విధించినాడు. చివరకు వసంతసేన ప్రాణములతో వచ్చి నిలిచినందున చారుదత్తుడు బ్రదికినాడు. హతురాలు తిరిగివచ్చి సాక్ష్యమిచ్చుట నాటకములో సాధ్యము.

అయినచో మాటాడినవాడు బ్రదుకునా? 1949లో లండనులో తిమోతి ఎవాన్స్ అను యువకుని భార్యయు పసిబిడ్డయు హత్య చేయబడినారు. చదువు రాని ఆ యువకుడు తానే పోలీసులయొద్దకు పోయి ఒకదానికొకటి పొసగని వాఙ్మూలములు ఇచ్చినాడు. ఒకదానిలో నేరము ఒప్పుకొన్నాడు. తరువాత, అది అబద్ధము, క్రిందివాటాలోని క్రిస్టీయే హంతకుడని మొరపెట్టుకొన్నాడు. ఆ క్రిస్టీయే అతనిపై ముఖ్యసాక్షి. బిడ్డను చంపిన నేరమునకు 1950 మార్చి 9న ఎవాన్సును ఉరితీసినారు. 1953లో క్రిస్టీ ఇంటిలో అనేక స్త్రీల శవములు బయటపడినవి. ఎవాన్స్ భార్యను కూడ చంపినది తానేనని అతడు ఒప్పుకొన్నాడు. 1966లో ఎవాన్సుకు క్షమాభిక్ష ప్రకటించినారు. అప్పటికి అతడు పోయి పదునారేండ్లు.

పలుకక చెడినవారిని చూచితిమి, పలికి చెడినవానిని చూచితిమి. కావున నేరనిర్ణయము నిందితుని నోటిపై ఆధారపడరాదు. రుజువు చేయు బరువు నేరము మోపినవారిదే. మన రాజ్యాంగము 20వ అధికరణము, నిందితుని తనకు వ్యతిరేకముగా తానే సాక్ష్యమీయవలెనని నిర్బంధింపరాదని చెప్పుచున్నది. పోలీసు అధికారికి చేసిన నేరాంగీకారము రుజువు కాదని 1872 నాటి సాక్ష్య చట్టము విధించినది. 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము ఆ నియమమును నిలుపుకొన్నది. అయితే నిర్బంధములోనున్న నిందితుడు చెప్పిన సమాచారము వలన ఏదైన కొత్త సంగతి బయటపడినచో, దానికి సంబంధించినంత వరకు ఆ మాట చెల్లును. ఇష్టము లేనివానికి మందులిచ్చి, యంత్రములు తగిలించి మనసులోని మాట లాగుట రాజ్యాంగవిరుద్ధమని సుప్రీంకోర్టు 2010లో సెల్వి కేసులో తీర్పు చెప్పినది.

ఇంత రక్షణ దోషికి కూడ ఆశ్రయము కాదా అని కొందరు అడుగుదురు. ఈ ప్రశ్న తీసివేయదగినది కాదు. మూసిన తలుపుల వెనుక జరిగిన దారుణమును ఎరిగినవాడు ఒక్కడే అయినప్పుడు, వాని మౌనము హతుల బంధువులకు ఎంత బాధ కలిగించునో మనము ఊహింపగలము. ఇంగ్లండు 1994లో చట్టము చేసి, కొన్ని పరిస్థితులలో నిందితుని మౌనము నుండి అనుమానము తీయవచ్చునని అనుమతించినది. మన చట్టములో సైతము, ఒకనికే ప్రత్యేకముగా తెలిసిన సంగతిని రుజువు చేయు బాధ్యత వానిదే అను నియమము కలదు. అయితే మౌనము ఇతర సాక్ష్యముతో కలిసి తూగవలెనే గాని, సాక్ష్యము లేనిచోట సాక్ష్యము కారాదని మేము తలచుచున్నాము.

సాహిత్యమునకును న్యాయస్థానమునకును ఇక్కడ ఒక భేదము ఉన్నది. చారుదత్తుడు నిర్దోషి అని ప్రేక్షకునికి ముందే తెలుసును. అతడు శకారుని చేతులను కన్నులార చూచినాడు. న్యాయాధికారి ఆ దృశ్యము చూడలేదు. ఆయన ముందున్నవి నగలు, కళేబరము, తల వంచుకొన్న మనిషి. అంతే. ప్రేక్షకుల స్థానములో కూర్చుని న్యాయాధికారిని నిందించుట సులభము. కాని ప్రతిదినము వార్తాపత్రిక చదువునప్పుడు మనము ఆయన స్థానములోనే ఉన్నాము, అంతకంటె తక్కువ తెలిసి ఉన్నాము.

మన భాషలో ముద్దాయి అను మాట ఉన్నది. అరబ్బీ పారసీకములలో దానికి ఫిర్యాదు చేయువాడని అర్థము. తెలుగులోనికి వచ్చి అది నేరము మోపబడినవాని పేరైనది. భాషలో మాటలు ఇట్లు తారుమారగుట వలన నష్టము లేదు. నిందితుడు, దోషి అను రెండు మాటలను మాత్రము మనము తారుమారు చేయరాదు. పోలీసులయెదుట నేరము ఒప్పుకొన్నాడనియు, ప్రశ్నలకు నోరు మెదపలేదనియు చదివినప్పుడు, ఆ రెండు మాటల నడుమ ఇంకను ఒక విచారణ మిగిలియున్నదని గుర్తుంచుకొనుట మన కర్తవ్యము.