కేస్ షీటులో రాసి పెట్టండి
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



డాక్టర్ల మీద కేసులు, రోగి భద్రత గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. నేను డాక్టర్ని కాను, ప్లీడర్ని అంతకన్నా కాను. ఇంటర్ పాసై ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంటుగా చేరి, సుబేదారుగా పింఛనుకి వచ్చినవాణ్ణి. వార్డులో చూసిందే చెబుతాను.

చేరిన కొత్తలో ఒక ఆసుపత్రిలో నైట్ డ్యూటీ. ఒకే పేరున్న జవాన్లు ఇద్దరు ఒకే వార్డులో ఉన్నారు. సాయంత్రం కిటికీ గాలి కోసం పడకలు మార్చుకున్నారు. ఆ సంగతి నాకు తెలియదు. పడక నంబరు చూసుకుని పెన్సిలిన్ సూది నింపి వెళ్లాను. అతను చెయ్యి వెనక్కి లాక్కుని, ‘నాకు ఈ మందు పడదు, షీటు మీద ఎర్ర సిరాతో రాశారు చూడు’ అన్నాడు. చూస్తే నిజమే! నా కాళ్లలో సత్తువ పోయింది.

ఎవరూ చూడలేదు కదా, ఊరుకుందామనుకున్నాను. తెల్లవారుజామున డ్యూటీ సిస్టర్ మేడమ్ నా మొహం చూసి ఏమైందని అడిగితే చెప్పేశాను. తిడతారనుకున్నా. రిపోర్టు బుక్కు నా ముందుకు తోసి ‘రాయి’ అన్నారు. చెయ్యి వణుకుతూనే రాశాను. మెడికల్ ఆఫీసరు గారు అది చదివి, ఇకనుంచి సూది వేసేముందు పేరు, సర్వీసు నంబరు రోగి నోటితోనే చెప్పించుకోవాలని ఆర్డరు వేశారు. నాకు శిక్ష పడలేదు. పడి ఉంటే ఆ వార్డులో మళ్లీ ఎవడూ నిజం రాసేవాడు కాదు.

ఇప్పుడు కోర్టు సంగతి. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. 2005లో మరో తీర్పులో, ఘోరమైన నిర్లక్ష్యం ఉంటేనే డాక్టరు మీద క్రిమినల్ కేసు నిలుస్తుందని, మామూలుగా అరెస్టు చేయకూడదని కూడా చెప్పింది. కాబట్టి మన పిల్లల్లో డాక్టర్లైన వాళ్లు ఊరికే భయపడక్కర్లేదు. అయితే 2008లో ఒక కేసు వచ్చింది. పరీక్ష కోసమని మత్తు ఇచ్చిన మహిళకు, బయట కూర్చున్న తల్లిని అడిగి గర్భసంచి తీసేశారు. తల్లి ఒప్పుకోలు చెల్లదు, రోగినే అడగాలి అంది కోర్టు.

మనవాళ్లది ఒకటి చెప్పాలి. 2002లో ఆపరేషన్ పరాక్రమ్ రోజుల్లో జబ్బుపడ్డ వైమానిక దళ ఉద్యోగికి సాంబా మిలిటరీ ఆసుపత్రిలో ఒక యూనిట్ రక్తం ఎక్కించారు. 2014లో హెచ్.ఐ.వి. బయటపడింది. జాతీయ వినియోగదారుల కమిషన్ ఆయన ఫిర్యాదు కొట్టేసింది. 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు మాత్రం వైమానిక దళం, సైన్యం రెండూ బాధ్యులేనని, సుమారు 1 కోటి 54 లక్షల రూపాయలు ఇవ్వమని తీర్పు చెప్పింది. రక్తాన్ని సరిగ్గా పరీక్షించినట్టు, ప్రమాదం చెప్పి సమ్మతి తీసుకున్నట్టు రుజువు చూపలేకపోయారు. యూనిఫాం వేసుకున్నవాళ్లకి ఈ తీర్పు చదవడం కష్టమే. నేను రెండు సార్లు మధ్యలో ఆపేశాను.

డాక్టరు పిల్లలకి నేను చెప్పేది ఇంతే. ఏం చెప్పారో, రోగి ఏమన్నాడో, ఎన్ని గంటలకో అప్పుడే రాయండి. తప్పు రాస్తే ఒక గీత కొట్టి పక్కన సంతకం చేయండి, వైట్నర్ పూయొద్దు. కేసు పడ్డాక దిద్దిన షీటు కంటే ఖాళీ షీటే నయం. ఇండెమ్నిటీ పాలసీ తీసుకోండి, ఏడాది కూడా తప్పకుండా కట్టండి. నోటీసు వచ్చిన వెంటనే కంపెనీకి తెలపండి. పాలసీ డబ్బు కడుతుంది గానీ జైలు శిక్ష అనుభవించదు!

మన పింఛనుదార్లకి: ఇ.సి.హెచ్.ఎస్. కార్డు మీద బయటి ఆసుపత్రికి వెళ్లినా కాగితాలు అడగండి. మెడికల్ కౌన్సిల్ 2002 నియమాల ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి, 3 ఏళ్లు దాచాలి. పడని మందు పేరు కార్డు కవరులోనే చీటీ మీద రాసి పెట్టుకోండి.

భోజనాలయ్యాక వెనక వరసలో కూర్చుంటాను. డిశ్చార్జి కాగితాలు అర్థంకానివాళ్లు తీసుకురండి, కళ్లజోడు తెచ్చుకున్నాను. సెలవు. జై హింద్.