రాజ్యలక్ష్మమ్మగారి నీళ్ళబిందె

ఊరు చిన్నదైనకొలది బ్రతుకు మరల మొదలుపెట్టుట కష్టము. నూతికడ, రేవుకడ అందఱును ఎఱిగినవారే. 1881వ సంవత్సరమునాటి రాజమహేంద్రవరమును అట్టిదే.

వితంతువు మరల పెండ్లాడుటకు 1856లోనే చట్టము సమ్మతించెను. అయినను చట్టము వచ్చి వంట చేయదుగదా! 1881 డిసెంబరు 11వ తేదీన కందుకూరి వీరేశలింగము పంతులుగారు బాలవితంతువగు గౌరమ్మకు గోగులపాటి శ్రీరాములుగారితో వివాహము జరిపించిరి. వెలివేయుదురను భయముచే వంటవారు రాలేదు; నీళ్ళు మోయువారును రాలేదు. పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరికి బోయి నీళ్ళు తెచ్చి, పెండ్లివారికి వండిపెట్టిరి. మీ యూరి రేవును ఒక్కసారి తలచుకొనుడు. ఆ దినమున ఎన్ని కన్నులు ఆమె వెంట నడచియుండునో! భర్తను విడిచి రమ్మని చుట్టములు నిర్బంధించిరి. ఆమె కదలలేదు.

దంపతుల యనురాగమును గూర్చి చెప్పవలసివచ్చినప్పుడు కవులు వెన్నెలను, మలయమారుతమును వర్ణింతురు. వర్ణింపనిండు. నాకు మాత్రము ఆ తడిసిన బిందెయే తోచును. భర్త పూనిన కార్యము కొఱకు, ఎవరి బిడ్డయో మరల పసుపుకుంకుమలు ధరించుటకు, ఆమె మోసిన బరువది.

కొలది దినములకే ఆ యూర రెండవ వితంతువివాహము కుదిరెను. మరల నీళ్ళు కావలసివచ్చెను.