అజంతా పదవ గుహలో రెండు పేర్లు

(అజంతా యాత్రకు బయలుదేరుచున్న విద్యార్థుల సభలో నొసగిన ఉపన్యాసము)



అజంతా గుహల చరిత్రనంతయు నొక్క సభలో వివరించుట సాధ్యము కాదు. అందున్న 30 గుహలలో నొక్కదానిని గూర్చియు, ఆ యొక్కదానిలో వ్రాయబడియున్న రెండు పేర్లను గూర్చియు మాత్రము మీకు విన్నవించెదను. ఆ రెండు పేర్లకును గల యంతరమును గ్రహించితిమేని, అట్టి స్థలమునకు మన మెట్లు పోవలయునో దానంతట నదియే తెలియగలదు.

వాఘోరా యను నేఱు గుఱ్ఱపు లాడమువలె వంగిన చోట, నిలువుగ లేచిన కొండచఱియను తొలిచి మన పూర్వులు ఈ గుహలను కల్పించిరి. వారు రాతిపై రాయి పేర్చినవారు కారు. పైకప్పుతో నారంభించి, అక్కఱలేని రాతిని తొలగించుచు క్రిందికి దిగివచ్చిరి. ఉలి యొక్కమాఱు తప్పినచో పోయిన రాతిని మరల నతికింప వీలులేదు. అట్టి పనిలో పదవ గుహ మిక్కిలి ప్రాచీనమైనది. క్రీస్తునకు పూర్వము రెండవ శతాబ్దిలో దీని నిర్మాణము మొదలైనదని పండితుల యభిప్రాయము. సుమారు 100 అడుగుల పొడవును, 40 అడుగుల వెడల్పును గల యా చైత్యమందిరములో ఎనిమిది పలకల స్తంభములు 39 గలవు. కొనను నిరాడంబరమగు స్తూపము నిలిచియున్నది. బుద్ధభగవానుని మూర్తిని చెక్కి పూజించు నాచార మింకను ప్రబలని దినము లవి.

ఆ గుహ ముఖభాగమున బ్రాహ్మీలిపిలో నొక చిన్న శాసనము గలదు. వాసిష్ఠీపుత్రుడగు కటహాది యనునతడు ఈ గృహముఖమును దానము చేసెనని దాని తాత్పర్యము. అందు బిరుదులు లేవు, వంశప్రశస్తి లేదు. మన శాతవాహన రాజులు కొందఱు గౌతమీపుత్రులు, వాసిష్ఠీపుత్రులని మాతృనామముతో ప్రసిద్ధి కెక్కినట్లే, ఇతడును తల్లిని తలచుకొనెను, తానిచ్చిన దేదియో చెప్పెను, అంతటితో నూరకుండెను. గుహనంతయు తానే తొలిపించినట్లు చెప్పుకొనలేదు. లోపలి గోడ మఱియొకరి దానమని వేఱొక శాసనము తెలుపుచున్నది. ఒకరు ముఖమును, ఒకరు గోడను, ఇట్లు పలువురి చేయూతతో నొక మందిరము వెలసినది.

రెండవ పేరు దీనికి రెండువేల యేండ్ల తరువాతిది. 1819వ సంవత్సరము ఏప్రిలు 28వ తేదీన, చెన్నపట్టణపు సేనలోని అశ్వికదళమున కధికారియగు జాన్ స్మిత్ అను ఆంగ్లేయుడు వేటకై వచ్చి ఈ గుహను కనుగొనెను. కనుగొని, స్తంభముపై నున్న చిత్రముమీదనే తన పేరును తేదీని గీసెను. అప్పుడు గుహ మట్టితో పూడియుండుటచే నతడా మట్టిపై నిలిచి గీసెను. అందుచే నేడా వ్రాత మన కంటికంటె నెత్తున కనబడును. అదే గుహ గోడపై షడ్దంతజాతకము చిత్రింపబడియున్నది. తన్ను కొట్టిన వేటకానికే తన దంతముల నొసగిన గజరాజు కథ యది!

పరుడు చేసిన పనియని మనము నిష్ఠురమాడవచ్చును. కాని సోదరులారా, మన కోటలను, మండపములను చూడుడు. బొగ్గుతోను, మేకుతోను మనవారు గీసిన పేర్లు లేని గోడ యెక్కడ నున్నది? స్మిత్ ఒక్కడు, మనము వేలకొలది.

ఆ చిత్రము లెంత సుకుమారములో వినుడు. తొలిచిన రాతిపై ఊక, గడ్డి మున్నగునవి కలిపిన మట్టిని మెత్తి, పైన పలుచగ సున్నము పూసి, ఆరిన పిమ్మట వర్ణములను జిగురుతో కలిపి చిత్రించిరి. ఆ వర్ణములు గోడలో నింకినవి కావు, గోడపై నిలిచినవి. తాకిన రాలును; తేమకు పొరలు లేచును. మన యూపిరియే వానికి భారము. ప్రేమతో చేసిన పనియు కొంత చెఱుపే చేసినది. ప్రతిరూపములు వ్రాయవచ్చిన చిత్రకారులు స్పష్టతకై వార్నీషు పూసిరి. అప్పుడు అజంతా హైదరాబాదు సంస్థానములోనిది. ఆ ప్రభుత్వము 1920వ సంవత్సరమున ఇటలీనుండి నిపుణులను రప్పించి మరమ్మతులు చేయించెను. రాలుచున్న పొరలు నిలిచినవి గాని, పూసిన లక్క కాలక్రమమున పసుపువాఱి వర్ణములను మఱుగుపఱచెను. ఆ వ్యయములో తెలంగాణపు రైతు చెల్లించిన శిస్తునకును పాలుగలదని మఱువరాదు.

నకళ్లున్నవిగదా యని తృప్తిపడుటకును వీలులేదు. రాబర్టు గిల్ అను సైనికచిత్రకారుడు 1844 మొదలు యేండ్లతరబడి శ్రమించి వ్రాసిన ప్రతిరూపములలో పెక్కు 1866లో లండనునందలి ప్రదర్శనశాలలో నగ్నికాహుతియైనవి. మూలమునకు మూలమే దిక్కు.

కావున లోనికి పోవునప్పుడు తొందరపడకుడు. గుంపుగా తోసుకొని పోక, ముందువారు వెలుపలికి వచ్చువఱకు నిలువుడు. చీకటికి కన్నులలవడువఱకు మౌనముగ నుండుడు. చిత్రములు తామే మెల్లగ వెలుగులోనికి వచ్చును. మెఱుపుదీపములతో ఛాయాచిత్రములు తీయకుడు. గోడ నానుకొనకుడు, తాకకుడు. కావలివాడు వారించినచో కోపింపక కృతజ్ఞతతో వినుడు. అతడు కాచుచున్నది మీ సొత్తునే.

1947వ సంవత్సరమునకు ముందు మన ప్రాచీనసంపద చెడిపోయినచో పరప్రభుత్వమును నిందించి యూరకుంటిమి. నేడా నింద మోపుటకు వేఱొకరు లేరు. పూర్వుల ఘనతను సభలలో చాటుట సులభము. వారి గోడను గీయకుండ విడుచుట యంతకంటె దేశభక్తి. కటహాదివలె గుహకు ముఖమును దానమీయగల శక్తి మనలో పెక్కురకు లేకపోవచ్చును. ఆ గోడను మనము చూచినట్లే మన తరువాతివారికి విడుచు శక్తి మాత్రము మీలో ప్రతియొక్కరికిని గలదు. ఆ దానమును చేసి రండు.