పలకలు లేని పడవ

చెక్క ఓడ నమూనా చేసేవారికి అసలు పరీక్ష పలకలు బిగించేటప్పుడే. ఓడ నడుము వెడల్పు, ముక్కు ఇరుకు. అందుకే ప్రతి పలకనూ కొసల వైపు సన్నగా చెక్కి, నీళ్లలో నానబెట్టి వంచి, ఎడమన ఒకటి, కుడిన ఒకటి చొప్పున అతికించాలి. ఒకే పక్క అతికిస్తూ పోతే చట్రం మెలి తిరుగుతుంది.

కృష్ణా తుంగభద్రల నడుమనున్న మన నడిగడ్డలో పుట్టి అనే గుండ్రటి బుట్ట పడవను కట్టే తీరు వేరు. పలక లేదు, మేకు లేదు. వెదురును బద్దలుగా చీల్చి ముందు అడుగు అల్లుతారు. ఆ బద్దల కొసలనే పైకి వంచి గోడ లేపుతారు. అంచు చుట్టూ బద్దల కట్ట బిగిస్తారు. వంచిన వెదురు మళ్లీ సాగాలని చూస్తుంది, అంచు దాన్ని సాగనివ్వదు. పుట్టి బిగువంతా ఆ పెనుగులాటలోనే ఉంది. పైన పూర్వం తోలు కప్పేవారు; ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా, తారు పూత.

1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ తుంగభద్ర మీద తోలు పుట్టినే వర్ణించాడు. పదిహేను, ఇరవై మంది ఎక్కేవారట. గుర్రాలు, ఎద్దులు కూడా దాటేవట!

బండలున్న నదిలో పలకల పడవ రాయికి తగిలితే అతుకు విడిపోవచ్చు. పుట్టి కాస్త వంగి, గిర్రున తిరిగి తప్పుకుంటుంది. అడుగు చదును కాబట్టి లోతు తక్కువున్నా తేలుతుంది. అయితే సోమశిల దగ్గర శ్రీశైలం జలాశయం వంటి లోతు నీళ్లలో, గాలికి అది దిశ నిలుపుకోలేదు. అక్కడ లైఫ్ జాకెట్ లేకుండా పుట్టి ఎక్కకండి.