తిరిగెడి అంచు, సమమైన బిందువు



నేడు నేను ప్రసంగింపదలచిన విషయము, రంగును సూక్ష్మములును సమములును అగు బిందువులుగా విడగొట్టి చల్లెడి పరిభ్రమణ యంత్రముల నిర్మాణము. పామాయిలు మట్టలకును, జీడిమామిడి పూతకును, మిరపతోటకును మందు చల్లుకొనెడి ఈ అశ్వారావుపేట అడవి అంచు సీమలో కార్లకు రంగు పూసెడి యంత్రముతో మనకేమి పని యని కొందరికి తోపవచ్చును. కాని ఇనుప రేకుమీద రంగు సమముగా పరచుకొనుటయు, మట్టమీద మందు సమముగా పడుటయు ఒకే భౌతికధర్మమునకు లోబడిన కార్యములు. ఒకదానిని చక్కగా నిర్మింప నేర్చినవానికి రెండవది సగము తెలిసినట్లే.

సాధారణముగా రంగుకొట్టెడి గన్నులో కంప్రెసరు గాలి ద్రవమును చీల్చును. పొలమున వాడెడి పంపులో పీడనము దానిని సన్నని రంధ్రమునుండి నెట్టగా అది పలుచని పొరయై విచ్చుకొని చిరుగును. ఈ చీలికయు చిరుగుడును క్రమమెరుగని క్రియలగుటచే, ఒకే నాజిలునుండి ఒకే క్షణమున 20 మైక్రానుల తుంపరయు 400 మైక్రానుల చినుకును కలసి వెలువడును. మైక్రానన మిల్లీమీటరులో వేయవ వంతు. వ్యాసము సగమైనచో ఘనపరిమాణము ఎనిమిదవ వంతగును గనుక, 400 మైక్రానుల చినుకొక్కటి 100 మైక్రానుల బిందువులు 64 చేయగల పనికి వలయు ద్రవమును తానొక్కటియే మింగివేయును. లీటరు ద్రవమును 400 మైక్రానుల చినుకులుగా చేసిన సుమారు 3 కోట్లగును. 100 మైక్రానులుగా చేసిన 190 కోట్లగును. పెద్ద చినుకు రేకుమీద కారి చారలు కట్టును; మరీ చిన్నది దారిలోనే థిన్నరు ఆరిపోగా పొడియై పడి పూతను గరుకు చేయును. ఈ రెండు దోషములును ఒక్క పిచికారినుండియే కలుగుచుండగా, బిందువు చిన్నదైన చాలునని తలచి గాలి పీడనము పెంచుట వలన ఒరుగునదేమున్నది? మనము కోరవలసినది సూక్ష్మత్వము మాత్రమే కాదు, సమత్వము.

సమత్వమునకు మార్గము తిరిగెడి చక్రమున దొరకినది. చక్రము నడుమ ద్రవమును పోయగా అది పలుచని పొరయై అంచునకు ప్రాకును. ద్రవము మిక్కిలి కొంచెమైనచో అంచునందు బొట్టు బొట్టుగా నిలిచి విడివడును. కొంత హెచ్చించినచో అంచు చుట్టును సన్నని దారములు సాగి, ఆ దారములు తెగి బిందువులగును. ఇంకను హెచ్చించితిమా, దారములన్నియు కలసిపోయి అంచుదాటి పొరయై వ్యాపించి, మరల పాత నాజిలులోవలెనే అడ్డదిడ్డముగా చిరుగును. 1949లో వాల్టన్, ప్రీవెట్ అను ఇరువురు ఆంగ్ల శాస్త్రజ్ఞులు ఈ చక్రములను పరీక్షించి ఒక సూత్రమును ప్రకటించిరి. దాని సారమిది: వేగము రెట్టింపైనచో బిందు వ్యాసము సగమగును; చక్రపు వ్యాసము నాలుగింతలైనచో బిందువు సగమగును; ద్రవపు తలతన్యత నాలుగవ వంతునకు తగ్గినను అంతియే. ఈ లెక్కచొప్పున 8 సెంటీమీటర్ల చక్రము నిమిషమునకు 7,000 మారులు తిరిగినచో నీరు సుమారు 150 మైక్రానుల బిందువులగును. 5 సెంటీమీటర్ల గంట ఆకారపు గిన్నె 30,000 మారులు తిరిగినచో రంగు 30 మైక్రానులకు లోబడిన బిందువులగును. కార్ల కర్మాగారములలోని రంగుశాలలయందు పనిచేయుచున్నవి ఇట్టి గిన్నెలే.

ఇచట నా అభిప్రాయమును దాచుకొనక చెప్పెదను. యంత్రము కొనువారు మొదట అడుగునది దాని వేగము. అమ్మువారు గొప్పగా చాటునదియు అదియే. నేనైతే మొదట ద్రవప్రవాహమునే విచారింతును. వేగము బిందువును చిన్నది చేయును గాని, దానిని సమము చేయునవి ప్రవాహమును అంచును. పని త్వరగా ముగియవలెనను ఆతురతతో ద్రవమును హెచ్చించిననాడు ఎంత వేగముగల యంత్రమైనను పొర చిరుగు స్థితికి జారిపోవును. త్వర కావలసినచో అంచు పొడవు పెంచవలెను, లేదా మరియొక చక్రమును చేర్చవలెను.

ఇక అంచు సంగతి. నున్నని అంచునందు దారములు ఎచట పుట్టవలెనో నిర్ణయము లేదు. అవి జరుగుచు, ఒకదానితో నొకటి కలియుచుండును. కావున అంచును సన్నని పళ్లుగానో గాట్లుగానో తీర్చి, ప్రతి పంటికి ఒక దారమును కేటాయించిరి. 1878లో రేలీ ప్రభువు ద్రవధారలు తెగు విధమును గణితముచే విశదీకరించెను. ఆ గణనము ప్రకారము దారము తెగగా పుట్టు బిందువు దారపు వ్యాసమునకు ఇంచుమించు 1.9 రెట్లు ఉండును. అనగా దారములన్నియు ఒకే లావున నున్నచో బిందువులన్నియు ఒకే తీరున నుండును. నడుమ నడుమ చిట్టి ఉపబిందువులు పుట్టుట మాత్రము తప్పదు. రంగు గిన్నెలో ఈ గాట్లకు వేరొక ప్రయోజనము గలదు: పొర మడతలో గాలి చిక్కి పూతయందు బుడగలు లేవకుండ ఇవి కాపాడును. ఒక పన్ను విరిగినను, ఎండిన రంగు ఒక గాటును పూడ్చినను ఆ మేరకు సమత్వము చెడును. కావున శుభ్రపరచుట యంత్రనిర్మాణములో భాగమే యని నేననుకొందును. తూకమును అట్టిదే. ఇందాక చెప్పిన 30,000 మారులు తిరిగెడి గిన్నె అంచున పదార్థముమీద పనిచేయు బలము భూమ్యాకర్షణకు 25,000 రెట్లు. గిన్నె తూకములో వెంట్రుకవాసి భేదమున్నను ఆ వేగమున ఇరుసు వణకును. ఇరుసు వణకిన దారములు వణకును.

చక్రమునుండి బిందువు అడ్డముగా ఎగిరిపోవును గాని ముందునకు పోదు. రంగుశాలలో దానిని మరల్చుటకు గిన్నె వెనుకనుండి గాలి తెరను ఊదుదురు. 60,000 నుండి 90,000 వోల్టుల విద్యుత్తును బిందువున కెక్కించి, భూమికి కలిపిన రేకు దానిని ఆకర్షించునట్లు చేయుదురు. ఈ విద్యుత్ మార్గమును పరిశ్రమకు తెచ్చినవాడు అమెరికా దేశపు హెరాల్డ్ రాన్స్‌బర్గ్. పొలములో ఆ గాలి తెర లేదు. ఉన్నది వీచెడి గాలియే. పొలమునకై ఇంగ్లాండున ఎడ్వర్డ్ బాల్స్ బ్యాటరీతో తిరుగు ప్లాస్టిక్ చక్రముల పిచికారులను రూపొందించెను. నీటికి కరవైన ఆఫ్రికా ప్రత్తిపొలములలో అవి విస్తారముగా వాడబడినవి.

మన తోటల మాటకు వత్తము. సర్పిలాకార తెల్లదోమ 2016లో తమిళనాడులోని పొల్లాచి కొబ్బరితోటలలో కనబడి, తరువాత గోదావరి జిల్లాల కొబ్బరి, పామాయిలు తోటలకు వ్యాపించినది. అది ఆకు అడుగున నుండును. అది విసర్జించు తేనెవంటి ద్రవముచే క్రింది ఆకులపై నల్లని మసి కట్టును. పెద్ద చినుకు ఆకు పైభాగమున పడి జారునే గాని అడుగునకు పోజాలదు. గాలిసుడిలో తిరుగగల చిన్న బిందువే అచటికి చేరగలదు. ఈ దోమను చంపుటకు చల్లెడి ఐసేరియా వంటి శిలీంధ్రపు మందు సన్నని రంధ్రమును పూడ్చవచ్చును; చక్రమునకు అట్టి రంధ్రమే లేదు గనుక అది సులభముగా సాగును. అయితే సూక్ష్మత్వమునకు హద్దు గలదు. 30 డిగ్రీల వేడిమిలో, గాలి తేమ సగమున్నపుడు, 100 మైక్రానుల నీటిబిందువు పావు నిమిషములో ఆవిరియగును. 50 మైక్రానులది నాలుగు సెకనులకు మించి నిలువదు. మన వేసవి దీనికంటె క్రూరము. ఆవిరి కాక మిగిలిన తుంపర గాలికి కొట్టుకొని పోయి పొరుగువాని చేనిమీదను, అడవిమీదను పడును. పనివాని ఊపిరితిత్తులలో చేరును. డ్రోనులకు తగిలించెడి చక్రపు నాజిలులకును ఈ లెక్కలే వర్తించును.

ఇంతయు పుస్తకపు మాటగా మిగులనక్కరలేదు. గాజుపలక క్రింద మెగ్నీషియం తీగను కాల్చినచో తెల్లని పొడి పలుచగా పట్టును. ఆ పలకను పిచికారి క్రింద ఒక్క క్షణముంచినచో బిందువులు పడినచోట్ల గుంటలేర్పడును. గుంట వ్యాసమును సూక్ష్మదర్శినితో కొలిచి 0.86 చేత గుణించినచో బిందువు వ్యాసము తెలియును. ఒకే యంత్రమును ఒకే వేగమున తిప్పుచు, ద్రవమును మాత్రము మెట్టు మెట్టుగా హెచ్చించి, ప్రతి మెట్టున ఒక పలకను కొలిచినచో ఏ మెట్టున సమత్వము చెడుచున్నదో కంటికి గోచరించును. ఈ పరీక్షకు వలయు సామగ్రి ఇచటి వ్యవసాయ కళాశాల ప్రయోగశాలలో దొరకునట్టిదే. చక్రమును తోటనుండి రైతులు తెచ్చినచో, పలకలను సిద్ధపరచు విధమును విద్యార్థులకు చూపుటకు నేను సంసిద్ధుడను.