లోకల్ రైలులో జపము

ఈ పర్ణశాలకు రైలు లేదు. భాగ్యనగరమునుండి వచ్చువారు కొత్తగూడెమున భద్రాచలం రోడ్డు స్టేషనులో దిగి బస్సెక్కవలెను. అట్లు వచ్చిన ఉద్యోగులు, 2003లో అచట మొదలైన ఎం.ఎం.టి.ఎస్. రైళ్లను తలచి, "శాస్త్రిగారూ! లింగంపల్లి బండిలో నిలుచుటకే చోటుండదు. మడి యెక్కడ? జపమెట్లు?" అని మమ్ము అడుగుచుందురు.

మనువు ఉపాంశు జపముకంటె మానసమును అధికముగా చెప్పెను. దానికి పెదవి కదలనక్కరలేదు. ప్రక్కవాని భుజము తగిలినంతమాత్రమున అది చెడదు. అయితే, సీటులో కూర్చుండి కన్నులు మూసి జపించుచు, ఎదుట నిలిచిన వృద్ధురాలిని చూడనట్లుండుట మేమొప్పము. సీతమ్మ ఇచ్చట, వచ్చినవాడు రావణుడని యెరుగక, యతివేషమును చూచియే ఆసనమిచ్చినది. ఆ వృద్ధురాలికి చోటిచ్చి నిలుచుండి జపింపుడు. ప్రాతఃసంధ్యను మాత్రము ఇంటనే ముగించుకొని బయలుదేరుడు. దానిని రైలునకు విడువరాదు.