మంత్రానికి షరతు

సెలవురోజు సాయంత్రం ఇన్ని పనులు మానుకుని తిరుమలగిరి దాకా వచ్చి, ఇంతమంది కథల గురించి వినడానికి కూర్చోవడం మామూలు సంగతి కాదు. ఫాంటసీ కథలో మాయాశక్తులకు కట్టుబాట్లు ఎలా ఏర్పరచుకోవాలో మాట్లాడమన్నారు. ‘మ్యాజిక్ సిస్టమ్’ అని మీరంతా అంటున్నారు కదా, అదే.

కొత్తవాళ్ల రాతప్రతులు నా దగ్గరికి చాలానే వస్తుంటాయి. వాటిలో తరచూ కనిపించే జబ్బు ఒకటుంది. మొదటి అధ్యాయంలోనే నాయకుడికి నిప్పు మీద అధికారం వచ్చేస్తుంది. తర్వాత గాలిలో ఎగురుతాడు. ఆ తర్వాత చనిపోయినవాళ్లను బతికిస్తాడు. కథ సగానికి వచ్చేసరికి అతన్ని ఆపడానికి రచయిత దగ్గర ఏమీ మిగలదు. ఇక చేసేదేముంది, ఇంకా పెద్ద రాక్షసుణ్ని పట్టుకొస్తాడు. వాడికి ఇంకా పెద్ద నిప్పు. పాఠకుడికి ఆవలింత. శక్తులు ఊహించడానికి బుర్ర పెద్దగా అక్కర్లేదు, ఆరేళ్ల పిల్లాడు ఒక్క పూటలో వంద చెబుతాడు. ఆ శక్తి ఏ షరతు మీద దొరికింది, ఎక్కడికి వచ్చి ఆగిపోతుంది, దాని ఖర్చు ఎవరు భరించారు, అక్కడ పడాలి రచయిత కష్టం. కథ అక్కడినుంచే పుడుతుంది.

అమెరికా రచయిత బ్రాండన్ శాండర్సన్ 2007లో దీని మీద ఒక వ్యాసం రాశాడు. మాయ ఎలా పనిచేస్తుందో పాఠకుడికి ఎంత బాగా అర్థమైతే, ఆ మాయతో కథలోని చిక్కును అంత న్యాయంగా విప్పవచ్చు అన్నది దాని సారాంశం. మంచి సూత్రం, ఒప్పుకోవాల్సిందే. అయితే దాన్ని ఏదో ఇప్పుడే కనిపెట్టిన విద్యలా మనవాళ్లు వల్లిస్తుంటే మాత్రం నాకు నవ్వొస్తుంది. బేతాళుడి కథలు చదివి పెరిగినవాళ్లం మనం.

ఆ కథల కట్టుబాటు ఒకసారి గుర్తు చేసుకోండి. రాజు మౌనంగా శవాన్ని మోసుకురావాలి. బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే రాజు తల వెయ్యి వక్కలవుతుంది. చెబితే మౌనం భంగమై శవం చెట్టెక్కుతుంది. మొత్తం అంతే, రెండు ముక్కలు. ఎటు వెళ్లినా దెబ్బే. రాజు పరాక్రమం ఇక్కడ అక్కరకు రాదు, కత్తి అసలే పనికిరాదు. పాత సంస్కృత కథల్లో ఈ చిక్కుముడి ఎలా వీడుతుందో చూడండి. చివరి ప్రశ్నకు రాజుకు నిజంగానే జవాబు తెలియదు. తెలియదు కాబట్టి మౌనంగా ఉన్నా తల పగలదు. మౌనంగా ఉన్నాడు కాబట్టి శవం కదలదు. అన్నిసార్లు తెలివి వల్ల ఓడిపోయినవాడు చివరికి తెలియకపోవడం వల్ల గెలుస్తాడు. షరతులో ఉన్న సందును కథకుడు మొదటినుంచీ మన కళ్ల ముందే ఉంచాడు, మనమే చూడలేదు. 1947లో మొదలైన ‘చందమామ’ ఈ చట్రాన్ని తీసుకుని, పాతికతో ఆగిన కథల్ని వందలకొద్దీ పెంచింది. షరతు గట్టిగా ఉంటే కథలు అన్ని పుడతాయి.

భారతంలోకి వెళ్లినా ఇదే వరస. కర్ణుడు కవచకుండలాలు ఇచ్చి ఇంద్రుడి నుంచి శక్తి అనే ఆయుధం తీసుకున్నాడు. అది ఒక్కసారికే పనిచేస్తుంది. అర్జునుడి కోసం దాచుకున్నాడు. పద్నాలుగో రోజు రాత్రియుద్ధంలో ఘటోత్కచుడు కౌరవసేనను చీల్చి చెండాడుతుంటే, చుట్టూ ఉన్నవాళ్ల కేకలు భరించలేక దాన్ని వాడేశాడు. ఆ ‘ఒక్కసారికే’ అన్న నియమం లేకపోతే ఘటోత్కచుడి చావు మామూలు యుద్ధమరణం అయ్యేది. అది ఉండటం వల్ల ఒక తండ్రి దుఃఖం, ఇంకో వీరుడి ఓటమి, కృష్ణుడి సంతోషం ఒకే క్షణంలో కలిశాయి. ఇక అశ్వత్థామ సంగతి. అస్త్రం వేయడం వచ్చు, వెనక్కి తీసుకోవడం రాదు. సగం చదువు. ఆ సగం చదువు ఉత్తర గర్భందాకా వెళ్లింది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన చోటికి వస్తాను. ‘పాతాళభైరవి’, 1951. విజయా వారి సినిమా, దర్శకుడు కె.వి. రెడ్డి, రచన పింగళి నాగేంద్రరావు. కాశీమజిలీ కథల ఛాయ ఉంది, అల్లావుద్దీన్ పోలికలూ ఉన్నాయి. మీరంతా టీవీలో చూసే ఉంటారు. ఈసారి పాటలు పక్కనపెట్టి, కాగితం పెన్ను పట్టుకుని చూడండి.

కోరిన కోరికలు తీర్చే భైరవి ప్రతిమ కావాలంటే సాహసవంతుడైన యువకుణ్ని బలి ఇవ్వాలి. ఇది మొదటి షరతు. ఈ ఒక్క వాక్యం ఎన్ని పనులు చేసిందో గమనించండి. నేపాళ మాంత్రికుడు హిమాలయాల్లో కూర్చుని జపం చేసుకోకుండా ఉజ్జయినికి ఎందుకు రావాలి? బలికి తగ్గవాడు అక్కడున్నాడు కాబట్టి. అంత గొప్ప మాంత్రికుడు తోటమాలి కొడుకు రాముణ్ని బతిమాలి, ఆశపెట్టి ఎందుకు తీసుకెళ్లాలి? బలి అయ్యేవాడు తన కాళ్లతో నడిచిరావాలి కాబట్టి. మాంత్రికుడికి రాముడు కావాలి, రాజకుమారి ఇందుమతి కోసం రాముడికి సంపద కావాలి. ఇద్దరి అవసరాల్నీ ఒకే షరతు ముడివేసింది. పైగా వెతికేది సాహసవంతుణ్ని. అంటే తనను చంపగలవాణ్నే మాంత్రికుడు ఏరికోరి తెచ్చుకుంటున్నాడు. మొసలిని చంపినప్పుడు శాపం తీరి అసలు రూపం పొందిన స్త్రీ రాముడికి నిజం చెప్పేస్తుంది. బలి ఇవ్వబోయినవాడే బలి అవుతాడు. భైరవి అభ్యంతరం చెప్పదు. షరతు నెరవేరింది, ఎవరు నెరవేర్చారన్నది ఆమెకు పట్టదు.

రెండో షరతు ఇంకా గడుసుది. ప్రతిమ ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మాట వింటుంది. మంచివాడా చెడ్డవాడా అని చూడదు. ఇక్కడే మన కొత్త రచయితలు జారిపోతారు. నాయకుడి ఉంగరం నాయకుడికే పనిచేస్తుందని రాసేస్తారు. అలా రాస్తే పింగళి సినిమా సగంలోనే అయిపోయేది, పెళ్లి చేసి పంపించేయడమే. ప్రతిమకు నీతి లేదు కాబట్టే రాజుగారి బావమరిది శూరసేనుడు దాన్ని కాజేయగలిగాడు, మళ్లీ బతికివచ్చిన మాంత్రికుడి చేతికి చేరింది, మేడతో పాటు ఇందుమతీ మాయమైంది, రాముడు మళ్లీ ఏమీ లేనివాడయ్యాడు. రెండో సగం మొత్తం ఆ ఒక్క నియమం మీద నడిచింది. చివర్లో మాంత్రికుడి గడ్డం తీయించడం కూడా సరదా కోసం పెట్టింది కాదు. అతని బలం అందులో ఉంది. మాంత్రికుడి వేషంలో ఉన్న అంతటి ఎస్వీ రంగారావును కత్తితో కాక, పెళ్లికొడుకు కావాలన్న తహతహతో లొంగదీశారు. శక్తి ఉండే చోటు, బలహీనత పుట్టే చోటు పక్కపక్కనే పెట్టారన్నమాట.

ఆరేళ్ల తర్వాత అదే దర్శకుడు, అదే రచయిత ‘మాయాబజార్’ చేశారు. అందులో ప్రియదర్శిని పేటిక ఉంది. తెరిస్తే ఎవరికి ఏది ప్రియమో అది కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, రేవతీదేవికి నగలు కనిపిస్తాయి. కృష్ణుడు తెరిస్తే శకుని. ఒక్క పెట్టెతో పాత్రల లోపలి సంగతంతా బయట పెట్టేశారు. ఇంకొకటి గమనించండి, సర్వశక్తిమంతుడైన కృష్ణుడు ఆ సినిమాలో పెళ్లి గొడవను తన మహిమతో ఎక్కడా తీర్చేయడు. నవ్వుతూ పక్కన నిలబడతాడు. పని ఘటోత్కచుడికి అప్పగిస్తాడు. ఆ ఘటోత్కచుడి మాయకు హద్దుంది: రూపం మారుతుంది, స్వభావం మారదు. అందుకే మాయాశశిరేఖ పెళ్లిపీటల మీద కాలు తొక్కితే లక్ష్మణకుమారుడు కెవ్వుమంటాడు. ఆ హద్దు లేకపోతే మాయాశశిరేఖగా సావిత్రికి నటించడానికి అక్కడ ఏముంది?

ఖర్చు సంగతి త్వరగా ముగిస్తాను. ‘అరుంధతి’ సినిమాలో దుష్టుడైన పశుపతిని చంపే ఆయుధం జేజమ్మ ఎముకలతో తయారవుతుంది, ఆమే మళ్లీ పుట్టిన అరుంధతి రక్తంతో తడిస్తేనే పనిచేస్తుంది. మొన్నటి ‘హనుమాన్’లో మణి బలం పగటి వెలుగు ఉన్నంతసేపే. మొదటిది త్యాగం అడుగుతుంది, రెండోది వేళ చూసుకోమంటుంది. మొదటిదే బరువైన షరతని నా అభిప్రాయం. వేళకు సంబంధించిన షరతుతో ఉత్కంఠ పుడుతుంది, అంతకు మించి పాత్రను అది పెద్దగా మార్చదు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. మనం సరదాగా మాంత్రికుడు, క్షుద్రపూజ అంటున్నాం. ఇదే తెలంగాణ పల్లెల్లో బాణామతి చేసిందని, చేతబడి చేశాడని అనుమానించి మనుషుల్ని కట్టేసి కొట్టారు, పళ్లు ఊడగొట్టారు, చంపారు. ఎనభైల్లో యండమూరి చేతబడి నవల ‘తులసిదళం’ పాఠకుల్ని ఊపేసినప్పుడు రంగనాయకమ్మ గారు ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అని పుస్తకమే రాశారు. మీరు ఎవరి పక్షమైనా ఉండండి, ఇలాంటి కథలు మూఢనమ్మకాన్ని పెంచుతాయా అన్న ప్రశ్న మాత్రం మీ బల్ల మీద ఉండాలి. నేను పాటించే పద్ధతి ఇది: ఊరు మొత్తం అనుమానించిన ఒంటరి ముసలమ్మే చివరికి నిజంగా మంత్రగత్తె అని నా కథలో తేలనివ్వను. అలా తేల్చితే రాళ్లు విసిరినవాళ్లదే ఒప్పు అని ముద్ర వేసినట్టే.

సరే, మాటలు చాలు, ఒక కట్టుబాటు ఇక్కడే తయారు చేద్దాం. బయటినుంచి డ్రాగన్లను తెచ్చుకోవాల్సిన పనిలేదు. మన చుట్టూ ఉన్న బండలున్నాయి. మౌలాలి గుట్ట దగ్గర్నుంచి మొదలుపెట్టి ఈ ప్రాంతమంతా సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. ఈ సికింద్రాబాద్ కంటోన్మెంట్ 1806లో మొదలైంది. తెలుగువాళ్లు, ఉర్దూ మాట్లాడేవాళ్లు, మద్రాసు పటాలాలతో వచ్చిన తమిళ కుటుంబాలు, ఇంగ్లిషు దొరలు, అందరూ ఇక్కడ తిరిగినవాళ్లే. అనుకోండి, బండకు చెవి ఆనిస్తే ఒకప్పుడు దాని పక్కన ఎవరో అన్న మాట వినిపిస్తుంది. ఇది శక్తి. ఇంతవరకు కథ లేదు.

ఇప్పుడు షరతు పెడదాం. ఎంత విన్నారో అంత మాట విన్నవాడి జ్ఞాపకంలోంచి పోతుంది. ఏది పోవాలో వాడు ఎంచుకోలేడు. మాట ఏ భాషలో అన్నారో ఆ భాషలోనే వినిపిస్తుంది. బండ పగిలితే మాట శాశ్వతంగా పోతుంది. ఇక చాలు, ఇంతకుమించి పెట్టొద్దు.

ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న: ఇలాంటి శక్తి ఊళ్లో ఉంటే దాన్ని ముందు వాడుకునేది ఎవరు? మన నాయకుడు కాదు. భూమి తగాదాలున్నవాళ్లు. కంటోన్మెంట్‌లో పాత బంగళాల హక్కుల గొడవలు మీకు నేను చెప్పక్కర్లేదు. తాత ఏ మాట మీద స్థలం ఇచ్చాడో బండను అడిగితే సరి. మరి డబ్బున్నవాడు తన జ్ఞాపకం పోగొట్టుకుంటాడా? కూలికి మనిషిని పెడతాడు. అలా బండలు వినే కూలీలు పుట్టుకొస్తారు. లాల్‌బజార్ దగ్గర పొద్దున్నే నిలబడతారు. వాళ్లలో ఒకామె ఉంది. ఈ పనితోనే కూతుర్ని చదివిస్తోంది. ఆ కూతురు మొదటిసారి అమ్మా అన్న మాట ఆమెకు గుర్తులేదు, ఏ కోర్టు కేసులో పోయిందో తెలియదు. వినిపించింది తమిళం అయితే అర్థం చెప్పడానికి పక్కవీధి ముసలాయన కావాలి. ఆయన నిజమే చెబుతున్నాడా? మరోపక్క ఒక బిల్డర్ రాత్రికి రాత్రి గుట్టను పేల్చేస్తున్నాడు. ఇన్నాళ్లూ అది అపార్ట్‌మెంట్ కోసమనుకున్నాం. ఇప్పుడు అతను ఏ మాట వినపడకుండా చేయాలనుకుంటున్నాడో ఆలోచించాలి. విలన్ దొరికాడు, నల్లకోటు వేయకుండానే.

చూశారుగా, శక్తి గురించి నేను చెప్పింది ఒక్క వాక్యం. మిగతాదంతా షరతులు లాక్కొచ్చిందే.

బండ ఎందుకు మాట్లాడుతుంది అని ఎవరో అడగబోతున్నారు. చెప్పొద్దు. భైరవి పాతాళంలో ఎందుకుందో పింగళీ చెప్పలేదు. ఈ మధ్య వస్తున్న కొన్ని ఇంగ్లిషు ఫాంటసీలు చదువుతుంటే ఆదాయపు పన్ను ఫారం నింపుతున్నట్టు ఉంటుంది, ఏ లోహం మింగితే ఎంత బలం, దానికి ఏ మినహాయింపు అని. శాండర్సన్ చెప్పింది కూడా చిక్కు విప్పడానికి వాడే మాయ గురించే. చిక్కు విప్పని మాయ ఎంత మసకగా ఉన్నా ఇబ్బంది లేదు. టోల్కీన్ నవల్లో గాండాల్ఫ్ ఏమేం చేయగలడో చివరిదాకా మనకు పూర్తిగా తెలియదు, కథకు లోటేమీ రాలేదు. ఉంగరం సంగతి మాత్రం స్పష్టంగా తెలుసు, ఎందుకంటే కథ తేలేది దానితో.

మీకు ఒక పని ఇస్తున్నాను. మీరు రాస్తున్న కథలో మీ మాంత్రికుడికి, మీ మణికి, మీ దేవతకు చేతకాని పనులేమిటో ఒక పేజీ రాయండి. పేజీ నిండకపోతే కథ ఇంకా మొదలుపెట్టకండి. నిండితే వచ్చే సమావేశానికి తీసుకురండి, అందరం కలిసి చదువుదాం. ఇప్పుడు ప్రశ్నలు అడగండి, వెనక వరసలో ఉన్న పిల్లలు ముందు.